పురుగు లేని పట్టు

గంగాధరం నెల్లూరులో ఒక కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరు. లెక్చరరు కాదు. ఆ తేడా ఎవరన్నా గుర్తుచేస్తే అతనికి రెండు రోజులు అన్నం సహించేది కాదు. లెక్చరరు పాఠం చెబుతాడు, డిమాన్‌స్ట్రేటరు గాజు గొట్టాలు పగలగొట్టిన పిల్లల్ని తిడతాడు. అందుకని నోట్లో మిగిలిపోయిన పాఠమంతా సాయంత్రం బస్సులో వెంకటాచలం దాకా మోసుకొచ్చి, అక్కణ్ణుంచి సైకిలు మీద ఊరికి తెచ్చి, ఇంట్లోవాళ్ల మీద పోసేవాడు. తమ్ముడు హజరత్తయ్య సేద్యం చూసుకునేవాడు. అన్న గొంతు సవరించుకోగానే పశువుల కొట్టంలో పని గుర్తొచ్చేదతనికి. గంగాధరం భార్య ప్రమీలమ్మ బావి దగ్గరికి పోయేది. పొయ్యి మీద ఎసరు పెట్టుకుని ఎక్కడికీ కదల్లేక వినేది పెద్దమ్మ ఆదిశేషమ్మ ఒక్కతే.

ఆదిశేషమ్మకు అరవై రెండేళ్లు. ఇరవై రెండో ఏట మొగుడు పోయాడు. పుట్టింటికి వచ్చి, చెల్లెలు చనిపోతే ఆమె కొడుకులిద్దర్నీ పెంచింది. పిల్లల్ని పెంచడంతో పాటు మడిని కూడా పెంచింది. నాగలి పట్టే ఇంట్లో అంత మడి ఎందుకమ్మా అని ఊరి పూజారి ఒకసారి నవ్వుతూ అడిగాడు. "ముందు మీ ఉత్తరీయం సంగతి చూసుకోండి సామీ, ఇందాక కుక్క పడుకున్న అరుగుకు తగిలింది" అని ఆమె ఆయన్ను బావి దగ్గరికి పంపించి రెండోసారి స్నానం చేయించింది. ఆ తర్వాత పూజారి ఆ వీధిలో నడవాల్సి వస్తే అవతలి పక్కనుంచి నడిచేవాడు.

ఆమె మడికి లెక్కలు వేరు. తెల్లవారుజామున తలమీద నీళ్లు పోసుకుని, ముందురోజు ఉతికి, ఎవరూ అందుకోలేని ఎత్తున దండెం మీద ఆరేసిన నూలు చీరను కర్రతో తీసుకుని కట్టుకుంటుంది. ఇక మధ్యాహ్నం భోజనం దాకా ఆమెను ఎవరూ తాకకూడదు, ఆమె ఎవర్నీ తాకదు. సాయంత్రం దీపం వేళకు మళ్లీ ఇదే తతంగం. ఎండాకాలం దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. చిక్కంతా కార్తీకంలో వస్తుంది. సముద్రం మీద వాయుగుండం పట్టిందంటే నెల్లూరు సీమలో పదేసి రోజులు సూర్యుడు కనపడడు. దండెం మీద చీర ఆరదు. ఆరకపోతే ఆమె తడిచీరే కట్టుకుని పొయ్యి ముందు నిలబడుతుంది.

పోయిన ఏడు, అంటే అరవై అయిదు నవంబరులో, అలా పదకొండు రోజులు నిలబడింది. పన్నెండో రోజు న్యుమోనియాతో పడిపోయింది. నెల్లూరు తీసుకుపోయి పెన్సిలిన్ సూదులు వేయించారు. బతికింది. డాక్టరు గంగాధరాన్ని వరండాలోకి పిలిచి, "ఇంకో వానాకాలం ఈమె తడిబట్టతో గడిపితే మళ్లీ నా దగ్గరికి తీసుకురావద్దు. తెచ్చి లాభం ఉండదు" అన్నాడు.

కన్నతల్లి పోయినప్పుడు గంగాధరానికి తొమ్మిదేళ్లు. ఆమె ముఖం అతనికి సరిగా గుర్తులేదు. గుర్తున్నదంతా పెద్దమ్మే. బస్సులో కూర్చుని డాక్టరు మాట తలుచుకుంటే అతనికి భయం వేసేది. ఆ భయంతోనే ఏడాదంతా ఒకటొకటిగా ఉపాయాలు పట్టుకొచ్చాడు. కుంపటి మీద చీర ఆరబెడదామంటే పొగ అంటుకుంటుంది, పనికిరాదంది. ఉన్ని ధావళి తెస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పట్టు ఎప్పుడూ మడే కదా, రోజూ ఉతకనక్కర్లేదు కదా అంటే, "వేల పురుగుల్ని బతికుండగా ఉడకబెట్టి తీసిన బట్ట. అది కట్టుకుని దేవుడి ముందర యా మొగంతో నిలబడేది?" అంది. సెప్టెంబరు వచ్చేసింది.

అప్పుడు తట్టింది గంగాధరానికి నైలాను.

మహబూబ్ బాషాకు నెల్లూరు చిన్నబజారులో బట్టల దుకాణం. గంగాధరంతో హైస్కూల్లో చదివాడు. మద్రాసు నుంచి తెప్పించిన తెల్ల నైలాను చీర ఒకటి బీరువాలోంచి తీసి, కొంగు చెంబులో ముంచి, పిండి, ఫ్యాను కింద పట్టుకున్నాడు. ఇద్దరూ టీ తాగేలోపల ఆరిపోయింది.

"చూసినారా సార్, మాయ."

"మాయ కాదు బాషా, ఎమైడ్ బంధం" అని గంగాధరం మొదలుపెట్టాడు. పట్టులోనూ ఇదే బంధం ఉంటుందని, పురుగు కడుపులో చేసే పనిని మనిషి ఫ్యాక్టరీలో చేస్తున్నాడని, చేతులు తిప్పుతూ చెప్పుకుపోయాడు. అదే సమయంలో బాషా కూడా చీర మడతపెడుతూ, పొయ్యికాడ మటుకు జాగర్త అనీ, తన భార్య అక్తరున్నీసా కొంగుకు ఏదో అయిందనీ చెబుతున్నాడు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, ఇద్దరిలో ఒక్కరూ వినలేదు.

ఆ సాయంత్రం వంటింటి గడప ఇవతల పీట వేసుకుని కూర్చున్నాడు గంగాధరం. చీరను దూరంగా తాటాకు చాప మీద పెట్టాడు. ఆదిశేషమ్మ లోపలినుంచే కళ్లు చికిలించి చూసింది.

"ఏందిరా అది, సాలెగూడు మాదిరుండాది."

"పట్టు పెద్దమ్మా. పురుగు లేని పట్టు."

"పురుగు లేకుండా పట్టు యాడ నించి వచ్చింది?"

ఈ ప్రశ్న కోసమే అతను పుట్టినట్టున్నాడు. పీట ముందుకు జరుపుకున్నాడు. "మనుషులు వరసగా నిలబడి ఉండారనుకో. ఒక్కొక్కరికి రెండు చేతులు. ఒకడి చేతిలో అరచెంబు నీళ్లు, పక్కవాడి చేతిలో ఇంకో అరచెంబు. చెంబులు పట్టుకుని ఉంటే చేతులు కలపలేరు గదా. ఇద్దరూ కలిసి ఆ నీళ్లు కింద పారబోస్తారు. అప్పుడు చెయ్యీ చెయ్యీ పట్టుకుంటారు. అట్టా వెయ్యి మంది పట్టుకుంటే ఒక పోగు. పురుగు చేసేదీ ఇదే, ఫ్యాక్టరీ చేసేదీ ఇదే. దీన్ని కండెన్సేషన్ అంటారు."

"ముడికో నీటిచుక్క బయటికి వస్తుందంటావు."

"అంతే."

"మరి నా నూలు చీర?"

"అదీ అంతే. పత్తిచెట్టు చక్కెరకు చక్కెర ముడేస్తుంది. ముడికో నీటిచుక్క."

"అయితే నలభై ఏండ్ల నించి చక్కెర కట్టుకుంటా ఉండానా? చీమలు పట్టలేదే."

గంగాధరం దానికి జవాబు మొదలుపెట్టాడు గానీ ఆమె వినడం లేదు. ఆమె చూపు పెరట్లో గడ్డివామి మీదికి పోయింది. హజరత్తయ్య యూరియా బస్తాల లోపల వచ్చిన ప్లాస్టిక్ కవర్లను కోసి వామి మీద కప్పి, తాళ్లతో కట్టాడు. పొద్దుటి జల్లు దాని మీద గుంటలు కట్టి నిలిచి ఉంది.

"అది ఏం జాతి?"

"పాలిథిన్. అది వేరే జాతి. అందులో వాళ్ల చేతుల్లో ఏమీ ఉండదు. ఊరికే చేతులు కట్టుకుని నిలబడి ఉంటారు. కట్టిన చేతులు విప్పి పక్కవాడి చెయ్యి పట్టుకుంటారు. పారబోసేది లేదు, పోయేది లేదు. దాన్ని అడిషన్ అంటారు."

"నీటిచుక్క రాదు."

"రాదు. తర్వాత పట్టదు కూడా."

ఆదిశేషమ్మ గరిటె పక్కన పెట్టింది. "అయితే అది నేతిలో వేగిన సరుకు" అంది. ఆమె శాస్త్రం ప్రకారం నీళ్లతో ఉడికిన అన్నం అంటు, ఎవరన్నా తాకితే చెడుతుంది. నేతిలో వేగిన అరిసె అంటు కాదు, బస్సులో నలుగురి మధ్య తిరుపతి దాకా పోయినా దాని మడి దానికి ఉంటుంది. గంగాధరానికి నవ్వొచ్చింది. నవ్వి ఊరుకోలేక, నేతిలోనూ పాలిథిన్‌లోనూ ఉండేది పొడుగాటి కార్బన్ గొలుసులేననీ, ఒకరకంగా రెండూ చుట్టాలేననీ కూడా చెప్పాడు.

చివరికి ఆమె నైలాను మీద తీర్పు ఇచ్చింది. పురుగు చావలేదు. పని మాత్రం పురుగు పనే. బస్సులో అరవై మంది తాకిన పాపం పదకొండు సార్లు జాడిస్తే పోతుంది. "నువ్వు ఇంతగా చెప్తా ఉండావు గాబట్టి కట్టి చూస్తా" అంది.

మర్నాడు జాడించి దండెం మీద వేసిన చీర ఆమె తులసి చుట్టూ తిరిగి వచ్చేసరికి పొడిగా ఉంది. ఆమె దాన్ని కర్రతో దించి, కట్టుకుని, పొయ్యి ముందు నిలబడింది. తడి లేదు, వణుకు లేదు. ఆ వారమంతా గంగాధరం నడకే మారిపోయింది. కాలేజీలో లెక్చరరును నిలబెట్టి మరీ ఈ కథ చెప్పాడు. మీరు పుస్తకంలో చెప్పేది మా ఇంట్లో ఒక ప్రాణం కాపాడిందండీ అన్నాడు. లెక్చరరు గడియారం చూసుకున్నాడు. అయినా గంగాధరానికి కోపం రాలేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం ఇంటికి రాగానే ప్రమీలమ్మ సైకిలు పట్టుకుని ఆపింది.

"అత్త చెయ్యి చూసినారా?"

"ఏమైంది?"

"పోయి చూడండి. నాకైతే చెప్పొద్దని అన్నింది."

ఆదిశేషమ్మ వంటింట్లో ఉంది. ఒంటి మీద పాత నూలు చీర, అదీ తడిగా ఉంది. మణికట్టు పైన మూడు చోట్ల చర్మం ఊడి ఎర్రగా ఉంది. ఒకచోట ఇంకా శనగగింజంత గట్టి ముద్ద అంటుకుని ఉంది. జరిగింది చూడగానే అర్థమైంది. సరుగుడు కట్టె చిట్లి నిప్పురవ్వ ఎగిరింది. నూలు చీరైతే చిన్న చిల్లు పడి ఆరిపోయేది. నైలాను రెండు వందల చిల్లర డిగ్రీలకు కరుగుతుంది. కరిగి, కారి, ఒంటికి పట్టుకుంటుంది. ఇదంతా గంగాధరానికి తెలుసు. పరీక్షలో అడిగితే పాయింటు కూడా తప్పకుండా రాసేవాడు. ఈ ఇంట్లో పొయ్యి ఉందన్న సంగతే గుర్తు రాలేదు.

"ఎన్నాళ్లయింది?" అన్నాడు గడప ఇవతలే కూలబడి.

"మొన్న."

"చెప్పలేదేం?"

"చెప్తే మళ్లా పాఠం మొదలుపెడతావు."

అతను వంట మానెయ్యమన్నాడు. వానలు తగ్గేదాకా ప్రమీల వండుతుంది, నువ్వు కూర్చుని తిను అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఈ ఇంట్లో పొయ్యి తనదనీ, అది వదిలేస్తే ఇక తను చేసే పనేమిటో చెప్పమనీ అడిగింది. జవాబు లేని మనిషికి కోపం ఊరికే వస్తుంది.

"అయితే ఆ తడిగుడ్డలోనే చచ్చిపో" అన్నాడు. అన్న మరుక్షణమే ఏడ్చేశాడు. ముప్పై మూడేళ్లవాడు, మీసాలున్నవాడు, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ప్రమీలమ్మ వాకిట్లోనే ఆగిపోయింది. ఆదిశేషమ్మ గడప దాకా వచ్చి నిలబడింది. తాకే వీలు లేదు. ఏం చెయ్యాలో తోచక చేతిలో గరిటె అటూ ఇటూ మార్చుకుంది.

మర్నాడు ఎండ బాగా కాసింది. ఆదిశేషమ్మ పెరట్లోకి వచ్చి హజరత్తయ్యను కేకేసింది.

"ఆ నేతి సరుకు ఇంకా ఎన్ని ఉండాయి?"

"ఏ నేతి సరుకు?"

"యూరియాలో వచ్చేది."

పదహారు కవర్లు తేలాయి. ఆమె వాటిని బూడిదతో, కుంకుడుకాయతో, మళ్లీ బూడిదతో కడిగింది. యూరియా వాసన పోయేదాకా రెండు రోజులు కడిగింది. తర్వాత తన నూలు చీరలన్నీ, పాతవీ చిరుగులవీ సహా, మడిగా ఉతికి దండెం మీద వేసింది. ఒక్కో చీర ఎండకు ఫెళఫెళలాడేలా ఆరాక కర్రతో దించి, మడిచేతులతోనే మడిచి, కవరులో పెట్టి, మూతి మెలితిప్పి, నూలు తాడుతో గట్టిగా బిగించింది. ఎండ ఉన్నన్నాళ్లూ ఇదే పని. చీరలు ఉన్నవి పద్నాలుగే. పద్నాలుగు కవర్లు వంటింటి గూట్లో ఎక్కి కూర్చున్నాయి. ఇంట్లో ఎవరికీ ఇదేమిటో అర్థం కాలేదు. ప్రమీలమ్మ ఊడుస్తూ ఒక కవరు కింద పడబోతుంటే చేత్తో పట్టుకుంది. పట్టుకుని బిగుసుకుపోయింది. ఆమె అప్పటికింకా స్నానం చేయలేదు.

"ఏం కాదు, పెట్టు" అంది ఆదిశేషమ్మ. "నీళ్లుంటేనే అంటు దాటేది. అందులో నీళ్లు లేవు, పట్టవు. నీ చెయ్యి కవరు పైన ఉండాది, నా మడి లోపల ఉండాది."

ఏడాదిగా గంగాధరం ఆరే బట్ట కోసం వెతుకుతున్నాడు. ఆమె ఆరిన బట్టను దాచుకుంటే పోలేదా అని చూసింది. ఇన్నేళ్లూ దాచడానికి వీల్లేక పోయింది, పెట్టెలో పెడితే పెట్టెను ఎవరో ఒకరు తాకుతారు, వానాకాలం చెమ్మ ఎలాగూ దూరుతుంది. చెమ్మా దూరని, అంటూ దూరని సంచి ఒకటి కావాలి.

"నీకెట్టా తట్టింది పెద్దమ్మా?"

"నువ్వే గదరా చెప్పినావు. నీళ్లు పారబోసి కట్టిందంతా మళ్లా నీళ్లు తాగుతుంది. నూలు, పట్టు, అన్నీ. పారబొయ్యంది తాగదు."

"అన్నీ అట్టా ఉండవు. టెరిలిన్ అని ఒకటుంది, అది నీళ్లు పారబోసి కట్టిందే గానీ—"

"దాన్ని నేను కట్టుకుంటానన్నానా?"

ఆ ఏడు వాయుగుండం నవంబరు మొదట్లో పట్టింది. కృష్ణపట్నం వైపు నుంచి గాలి, గాలి వెనక వాన. వెంకటాచలం రోడ్డు మీద నీళ్లు పారాయి. గోడలు చెమర్చాయి, ఉప్పు జాడీ నీరైపోయింది, అగ్గిపెట్టెలు వెలగలేదు. ఆదిశేషమ్మ మాత్రం రోజుకు రెండు కవర్లు విప్పి, ఆశ్వయుజం ఎండ వాసన వేసే పొడి చీర కట్టుకుని వంట చేసింది. దగ్గు లేదు, జలుబు లేదు. అయిదో రోజుకు హజరత్తయ్య కూడా అన్న చదువు వృథా పోలేదన్నాడు. ఆ మాట విని అన్న పీట వేసుకోబోతే కొట్టంలోకి పోయాడు.

అదే రోజు గంగాధరం కాలేజీ నుంచి పూర్తిగా తడిసి వచ్చాడు. రాత్రంతా మూలిగాడు. పొద్దున్నకు ఒళ్లు కాలిపోతోంది. నడవలో మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుంటే పళ్లు టకటకలాడాయి. ప్రమీలమ్మ మిరియాల కషాయం కాచడానికి పోయింది.

ఆదిశేషమ్మ మడిలో ఉంది. అప్పుడే స్నానం చేసి కవరు విప్పుకుంది, పొయ్యి ఇంకా అంటించలేదు. అతని చిన్నప్పుడు జ్వరం వస్తే ఆమె రెండు బారల దూరంలో కూర్చుని పొడుగు విసనకర్రతో విసిరేది. రాత్రి మడి విప్పాక వచ్చి దగ్గర కూర్చునేది గానీ, అప్పటికి అతను నిద్రపోయేవాడు. ఆమె చెయ్యి నుదుటి మీద ఎలా ఉంటుందో అతనికి తెలియదు.

గడప మీద నిలబడి కాసేపు చూసింది. లోపలికి పోయి, విప్పిన ఖాళీ కవరు తెచ్చింది. అందులోకి కుడిచెయ్యి మోచేతి దాకా దూర్చింది. మంచం దగ్గరికి వచ్చి, ఆ చెయ్యి అతని నుదుటి మీద పెట్టింది. కవరు కరకరమంది. గంగాధరం కళ్లు తెరిచాడు.

"ఏంది పెద్దమ్మా?"

"కదలబాక."

కాసేపు ఉంచింది. పక్కకు జరిపి చెంప మీద పెట్టింది, మళ్లీ నుదుటి మీద పెట్టింది. ముఖం చిట్లించింది.

"ఈ దిక్కుమాలిన దాంట్లోంచి వేడి తెలవడం లేదురా" అంది.

కవరులోంచి చెయ్యి బయటికి తీసింది. తీసి, ఒట్టి చెయ్యి అతని నుదుటి మీద పెట్టింది. అరచెయ్యి గరుగ్గా, బాగా చల్లగా ఉంది. మణికట్టు మీద మచ్చలు మూడూ నున్నగా మెరుస్తున్నాయి. కషాయం తెస్తున్న ప్రమీలమ్మ గుమ్మంలోనే ఆగింది.

"అత్తా, మడి..."

"పోతే పోయింది. గూట్లో ఇంకా మూడుండాయి. వేన్నీళ్లు పెట్టు, మళ్లా పోసుకుంటా" అంది ఆదిశేషమ్మ. చెయ్యి మాత్రం తియ్యలేదు.

యూరియా కవరు ఎంత మందం ఉంటుందో గంగాధరానికి తెలుసు. నూట మూడు డిగ్రీల జ్వరం అందులోంచి తెలియకపోవడమంటూ ఉండదు. పాలిథిన్ ఎంత వేడిని ఎంతసేపట్లో దాటనిస్తుందో అతను కాగితం మీద వేసి చూపించగలడు. అతను కళ్లు మూసుకుని, నోరు కూడా మూసుకుని పడుకున్నాడు.